ఇంట్లో చేసిన బెల్జియన్ బీరు: ఏది మాగబెట్టాలి, ఏది వెంటనే తాగాలి

నీ ప్రశ్న చదివాను తమ్ముడూ. అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నాకు అర్థమైంది ఇది. నువ్వు ఆస్టిన్‌లో ఉంటున్నావు. మే నెలలో మూడు బ్యాచ్‌లు సీసాల్లో పోశావు. ఒకటి 5 శాతం ఆల్కహాల్ ఉన్న విట్ (గోధుమ బీరు), ఒకటి 9.2 శాతం ట్రిపెల్ (లేత రంగు ఘాటు బీరు), మూడోది గ్రావిటీ (చక్కెర తగ్గేకొద్దీ తగ్గే సాంద్రత) 1.100 దగ్గర మొదలై 1.020 దగ్గర ఆగిన డార్క్ స్ట్రాంగ్, అంటే పదిన్నర శాతం. నెల తర్వాత తలా ఒక సీసా తెరిచావు. విట్ బాగుంది, ట్రిపెల్‌లో అరటిపండు వాసన ఎక్కువగా ఉంది, డార్క్ స్ట్రాంగ్ గొంతులో మండింది. బెల్జియన్ బీరంటే ఏడాది ముట్టుకోకూడదని ఒక స్నేహితుడు, ఇంట్లో చేసింది మూడు నెలల్లో తాగేయాలని ఇంకో స్నేహితుడు చెప్పారు. డిసెంబరులో మీకు బిడ్డ పుట్టబోతోంది, ఆ బిడ్డ మొదటి పుట్టినరోజుకు డార్క్ స్ట్రాంగ్ తెరవాలని నీ కోరిక. సీసాలన్నీ గరాజ్‌లో ఉన్నాయి.

ఆ చివరి మాట చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది. మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు సీసాలు ఇంట్లోకి తెచ్చుకో. టెక్సాస్ ఎండాకాలంలో తలుపు మూసిన గరాజ్ 40 డిగ్రీలు దాటుతుంది. బీరు పాతబడే వేగం ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 12 డిగ్రీల్లో ఏడాది పట్టే మార్పు 32 డిగ్రీల్లో మూడు నెలల్లోనే వచ్చేస్తుంది. అదైనా మనకు కావలసిన మార్పు కాదు. చల్లని చోట నెమ్మదిగా మాగితే ఎండు ఖర్జూరం, అంజీర్ వాసనలు వస్తాయి. వేడిలో త్వరగా పాతబడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. బెడ్‌రూమ్ క్లాజెట్‌లో అడుగు వరసైనా సరే, అక్కడ పెట్టు.

ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. మీ స్నేహితులిద్దరూ నిజమే చెప్పారు, కానీ ఒక్కొక్కరు ఒక్కో బీరు గురించి చెప్పారు. బెల్జియన్ అనేది ఒక దేశం పేరు, ఒక రుచి పేరు కాదు. అక్కడ రెండు నెలల్లో తాగాల్సిన బీరూ ఉంది, ఇరవై ఏళ్లు నిలిచే బీరూ ఉంది. సీసా మీది పేరు పక్కన పెట్టి నువ్వు చూసుకోవలసినవి నాలుగు: ఆల్కహాల్ ఎంత, రంగు ఎంత, హాప్స్ (బీరుకి చేదు, పరిమళం ఇచ్చే పువ్వులు) పాత్ర ఎంత, సీసాలో పోసేటప్పుడు గాలి ఎంత కలిసింది. పద్నాలుగేళ్లుగా ఇంట్లో బ్రూ చేస్తున్నాను. మొదటి మూడింటి గురించి అందరూ మాట్లాడతారు. నా సీసాలు పాడు చేసింది మాత్రం ఎక్కువసార్లు ఆ నాలుగోదే.

విట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ బీరుకి మీ ఊరితో నిజమైన సంబంధం ఉంది. బెల్జియంలోని హూగార్డెన్ ఊళ్లో 1950ల్లో చివరి విట్ బ్రూవరీ మూతపడింది. ఆ బీరు అక్కడితో పోయినట్టే అనుకున్నారు. పాల వ్యాపారం ఇంట్లో పుట్టిన పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో దాన్ని మళ్లీ బతికించాడు. తర్వాత అమెరికా వచ్చి 1992లో ఆస్టిన్‌లోనే బ్రూవరీ పెట్టాడు. ఈ రోజు హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో బెల్జియన్ విట్ అని పోస్తున్నారంటే దాని మూలం ఆయన చేసిన పనిలోనే ఉంది. ఆ బీరులో ఉన్నదేమిటి? మాల్ట్ చేయని, అంటే మొలకెత్తించని గోధుమ, ధనియాలు, నారింజ తొక్క, కొంచెం పులుపు, తేలికైన నురగ. వీటిలో ఏదీ నిలవ ఉండేది కాదు. ధనియాల పరిమళం కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది, నారింజ తొక్క వాసన పోయి చేదు మాత్రం మిగులుతుంది. పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికి అదే కల్లు కాదు కదా, విట్ కూడా ఆ జాతిదే. కాకపోతే గంటల బదులు వారాలు. నీ విట్ గరాజ్‌లో కొన్ని వారాలు ఉడికింది కాబట్టి ఇక ఆలోచించకు. ఫ్రిజ్‌లో పెట్టి, స్నేహితుల్ని పిలిచి, ఆగస్టు దాటకుండా పూర్తి చెయ్యి.

ట్రిపెల్ విషయం ఇంత తేలిక కాదు. దీని దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారని నా అభిప్రాయం. తొమ్మిది శాతం దాటింది అనగానే "ఇది మాగే బీరు" అనుకుంటాం. బెల్జియంలో సన్యాసులు బీరు చేసే వెస్ట్‌మాల్ మఠంలో 1934లో మొదలై 1956లో ఇప్పటి రూపానికి వచ్చిన ట్రిపెల్‌నే చూడు. లేత బంగారు రంగు, పిల్స్ మాల్ట్, చక్కెర, బాగా వేసిన హాప్స్. ఆ బీరు అందమంతా పొడిగా ముగియడంలో, మిరియం లాంటి ఘాటులో, పూల వాసనలో ఉంది. ఈ వాసనలన్నీ కాలంతో తగ్గేవే. ఆల్కహాల్ దాన్ని పాడవకుండా కాపాడుతుంది గానీ, దాని తాజాదనాన్ని కాపాడలేదు. రంగు మాల్ట్ లేకపోవడం వల్ల పాతబడిన రుచిని కప్పే మందమైన రుచి ఏదీ దానిలో లేదు.

అలాగని ట్రిపెల్‌ని నెలకే తాగమనడం లేదు. నీకు తగిలిన అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్‌ది. అది సీసాలో నెమ్మదిగా విడిపోతుంది, రెండు మూడు నెలల్లో తగ్గడం నీకే తెలుస్తుంది. లవంగం వాసన ఇచ్చే 4-వినైల్ గ్వాయకాల్ కూడా కాలంతో తగ్గుతుంది, దాని నుంచి కొంత వనిల్లిన్ పుడుతుంది. అందుకే కొన్ని పాత బెల్జియన్ బీర్లలో లవంగం పోయి వనిల్లా తగులుతుంది. బుడగలు సన్నబడడానికి, ఆల్కహాల్ రుచిలో కలిసిపోవడానికి కూడా కొంత సమయం కావాలి. డ్యూవెల్ అనే లేత రంగు స్ట్రాంగ్ బీరు చేసేవాళ్లు సీసాలో పోశాక రెండు వారాలు 24 డిగ్రీల గదిలో, ఆ తర్వాత ఆరు వారాలు చల్లని సెల్లార్‌లో ఉంచి అప్పుడే బయటికి పంపుతారు. మొత్తం తయారీకి దాదాపు 90 రోజులు. లేత రంగు స్ట్రాంగ్ బీరుకి ఆ బ్రూవరీ ఇచ్చే గడువే మనకూ మంచి కొలత. నా లెక్కలో ఇంటి ట్రిపెల్ మూడో నెల నుంచి ఏడో నెల వరకు బాగుంటుంది. ఆ తర్వాత తేనె వాసన వస్తుంది. కొందరికి ఆ తేనె ఇష్టం. నాకు మాత్రం అది బీరు దిగిపోతోందన్న కబురులా తోస్తుంది.

ఇక డార్క్ స్ట్రాంగ్. వెస్ట్‌ఫ్లెటెరెన్ 12, రోష్‌ఫోర్ 10, షిమే గ్రాండ్ రిజర్వ్, ఈ మూడు మఠాల బీర్లూ నీ బీరుకి పెద్దన్నలు. వీటిలో షిమే గ్రాండ్ రిజర్వ్ లేబుల్ మీద సంవత్సరం వేస్తారు, తాగేవాళ్లు కావాలనే దాచుకుంటారు. బెల్జియంలోని ఆంట్వర్ప్‌లో కుల్మినేటర్ అనే బార్ పాత సీసాల కోసమే పేరు తెచ్చుకుంది. ఈ బీర్లు ఎందుకు మాగుతాయంటే వాటిలో మారడానికి సరుకుంది. ముదురు కాండీ సిరప్, రంగు మాల్ట్ నుంచి వచ్చిన పదార్థాలు కాలంతో ఒకదానితో ఒకటి కలిసి ఎండు ద్రాక్ష, అంజీర్, షెర్రీ, తోలు లాంటి వాసనలుగా మారతాయి. వీటికి కొంత ఆక్సీకరణ కూడా కారణమే. లేత బీరులో తప్పుగా అనిపించేది ఇక్కడ ఒక మేరకు రుచిగా మారుతుంది. ఆ మేర ఎక్కడుందో తెలుసుకోవడమే మన పని.

మన ఇళ్లలో పాత బియ్యానికి ఇచ్చే విలువ నీకు తెలుసు. కొత్త బియ్యం మెత్తగా ముద్దయిపోతుంది, ఏడాది పాత సోనామసూరి పొడిపొడిగా వస్తుంది. కానీ పదేళ్ల బియ్యం అని ఎవరూ దాచరు. డార్క్ స్ట్రాంగ్ కూడా అంతే, బాగుపడే కాలం ఒకటుంది, దాని తర్వాత ఇంకొకటుంది.

నేను 2016 శీతాకాలంలో నీ బీరు లాంటిదే ఒకటి చేశాను, 10.2 శాతం. నలభై ఆరు సీసాలు వచ్చాయి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తెరిచిన ప్రతి సీసా గురించీ రాశాను. మొదటి నెలలో మంట, చక్కెర, ఈస్ట్ వాసన, మూడూ వేరువేరుగా నిలబడ్డాయి. మూడో నెలలో మంట సగం తగ్గింది, పాకం వాసన ముందుకొచ్చింది. ఆరో నెలలో మొదటిసారి అది ఒక్క బీరులా అనిపించింది. ఏడాదికి ఎండు ఖర్జూరం వచ్చింది. ఏడాదిన్నర దగ్గర తెరిచిన సీసా నేను ఈ పద్నాలుగేళ్లలో చేసిన వాటిలో అతి మంచి బీరు. నా భార్య బీరు తాగదు, కానీ ఆ గ్లాసు వాసన చూసి "క్రిస్మస్ కేక్ లాగుంది" అంది. రెండేళ్లకి అదే స్థాయి. మూడేళ్లకి నురగ పడిపోయింది, రుచిలో సోయా సాస్ లాంటి ఉప్పుదనం దూరింది. నాలుగేళ్లకి మిగిలిన రెండు సీసాలు వంటలో వాడాను. ఆ సోయా సాస్ రుచి అడుగున మడ్డిగా ఉన్న ఈస్ట్ చనిపోయి, కణాలు విచ్చుకుని, లోపలిది బీరులో కలవడం వల్ల వస్తుంది. అప్పుడు బయటికొచ్చే ఎంజైములు నురగ నిలబెట్టే ప్రొటీన్లను కూడా తినేస్తాయి. కాబట్టి పాత సీసాలో నురగ నిలవకపోతే అది ఒక సూచన.

ఇప్పుడు నీ గొంతులో మంట గురించి. ఇది జాగ్రత్తగా చదువు. పదిన్నర శాతం బీరు నెల వయసులో మండడం మామూలే, అది తగ్గుతుంది. కానీ ఇంకో రకం మంట ఉంది. పులిసేటప్పుడు వేడి మరీ పెరిగితే ఈస్ట్ ఫ్యూసెల్ ఆల్కహాల్స్ తయారు చేస్తుంది. వాటి వాసన పెయింట్ థిన్నర్ వైపు ఉంటుంది. ఆ మంట మాగబెడితే పోదు. నా మూడో ఏడాదిలో ఒక బ్యాచ్ మొదటి రెండు రోజుల్లోనే 30 డిగ్రీలు దాటింది, నేను ఊళ్లో లేను. బెల్జియన్ ఈస్ట్ వేడి తట్టుకుంటుందని చదివి ధైర్యంగా ఉన్నాను. మూడేళ్లు ఎదురుచూశాను. మూడేళ్ల తర్వాత కూడా అదే థిన్నర్ వాసన, కాకపోతే ఖర్జూరం పక్కన. మాగబెట్టడం మంచి బీరుని ఇంకా మంచిది చేస్తుంది, తప్పు చేసిన బీరుని బాగుచేయదు. నీ నోట్స్‌లో మొదటి మూడు రోజుల ఉష్ణోగ్రత ఉంటే చూడు. 18 నుంచి 20 డిగ్రీల మధ్య మొదలై, నాలుగో రోజు తర్వాత 24, 25కి పెరిగి ఉంటే దిగులక్కర్లేదు. ఒక గ్లాసులో సగం పోసి అరగంట వదిలి వాసన చూడు. వేడి తగిలినా పండు వాసన ఉంటే అది వయసు మంట. ముక్కులో గుచ్చితే, నా మాట విని ఏడాదికి మించి ఆశ పెట్టుకోకు.

నాలుగో విషయం, గాలి. పెద్ద బ్రూవరీలు సీసాలో ఆక్సిజన్‌ని వంద కోట్ల వంతుల్లో కొలుస్తాయి. సీసాలోని గాలిని కార్బన్ డయాక్సైడ్‌తో తోసేసి నింపుతాయి. మనం బకెట్లోంచి గొట్టంతో పోస్తాం. అందుకే అదే రెసిపీ అయినా మఠం బీరు ఐదేళ్లు నిలిస్తే మనది రెండేళ్లు నిలవొచ్చు. మనకి ఒకే ఒక మేలు ఉంది. సీసాలో చక్కెర తిని గ్యాస్ పుట్టించే ఈస్ట్, ఆ పనిలో కొంత ఆక్సిజన్ని కూడా పీల్చుకుంటుంది. కొంతే.

2012లో నా మొదటి క్వాడ్రుపెల్ (డార్క్ స్ట్రాంగ్ లాంటిదే) సంగతి చెబుతాను. "రెండేళ్లు ముట్టుకోకు" అని ఎవరో చెప్పింది నమ్మి, నలభై ఎనిమిది సీసాలకు తాళం వేసి పెట్టాను, ఒక్కటీ రుచి చూడలేదు. రెండేళ్ల తర్వాత తెరిస్తే తడి అట్ట. మొదటిది అలా ఉందనుకున్నా, రెండోది అలాగే, పదోది అలాగే. సీసాలో గ్యాస్ పుట్టడానికి వేసే ప్రైమింగ్ షుగర్ కలిపేటప్పుడు బీరుని బకెట్లోకి ఎత్తు నుంచి పోశాను, బుడబుడమని నురగ వచ్చింది, అదే కారణం. ఆరో నెలలో ఒక్క సీసా తెరిచి ఉంటే మిగతా నలభై ఏడు బాగున్నప్పుడే తాగేవాణ్ణి. అంత పని, అంత మాల్ట్, రెండేళ్ల ఎదురుచూపు పోయాయి. నీకు ఇంత పొడవుగా రాయడానికి కారణం ఆ బ్యాచే.

నువ్వు పోసిన విధానం రాయలేదు కాబట్టి ముందు ముందు పనికొచ్చేలా చెబుతాను. గొట్టం కొస బకెట్ అడుగుకి తాకాలి, బీరు నిశ్శబ్దంగా నిండాలి. షుగర్ సిరప్ ముందే బకెట్ అడుగున పోసి దాని మీదికి బీరు దించితే కలపాల్సిన అవసరం ఉండదు. సీసాలో బాటిలింగ్ వాండ్ (సీసాలు నింపే సన్న గొట్టం) అడుగు దాకా పెట్టి, పైన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే ఖాళీ ఉంచు. నురగ మూతి దాకా పొంగినప్పుడే క్యాప్ నొక్కు, ఆ నురగ గాలిని తోసేస్తుంది. ఆక్సిజన్ పీల్చే క్యాప్‌లు దొరుకుతాయి, మాగబెట్టే బ్యాచ్‌కి అవి వాడు. తడిస్తేనే అవి పనిచేస్తాయని గుర్తుంచుకో. పులిసిన బీరుని నెలల తరబడి ప్లాస్టిక్ బకెట్లో ఉంచకు, ప్లాస్టిక్‌లోంచి గాలి దూరుతుంది. పెద్ద పాత్రలోనే మాగబెట్టాలంటే గాజు కార్బాయ్ (పెద్ద గాజు జాడీ) లేదా స్టీల్ కెగ్ కావాలి. నేనైతే నెల, నెలన్నరలో సీసాల్లోకి మార్చేస్తాను, మాగే పని సీసాలోనే జరగనిస్తాను.

పదిశాతం దాటిన బీరులో పాత ఈస్ట్ అలసిపోయి ఉంటుంది. బాటిలింగ్ రోజున 19 లీటర్లకు రెండు గ్రాముల షాంపేన్ ఈస్ట్, లేదా సీసాల కోసమే అమ్మే సీబీసీ-1 ఈస్ట్ కలిపితే గ్యాస్ నమ్మకంగా పడుతుంది. మఠాల్లోనూ సీసాలో పోసేటప్పుడు తాజా ఈస్ట్ కలుపుతారు. చక్కెర 19 లీటర్లకు 120 గ్రాములైతే గ్యాస్ సుమారు 2.5 వాల్యూములు (బీరు పరిమాణానికి అన్ని రెట్లు), 155 గ్రాములైతే సుమారు 3. మామూలు అమెరికన్ సీసాలకి 3 దాటకు, పగలొచ్చు. బెల్జియన్ల మందపాటి సీసాల్లో మాత్రమే అంతకంటే పైకి వెళ్లొచ్చు.

సీసా పగలడం గురించి వచ్చింది కాబట్టి సెజోన్ అనే ఇంకో బెల్జియన్ బీరుకి వాడే ఈస్ట్ గురించి ఒక హెచ్చరిక. బెల్ సెజోన్, బీఈ-134 లాంటివి డయాస్టాటికస్ రకం. మామూలు ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్లను (పెద్ద పిండి అణువులను) కూడా ఇవి నెమ్మదిగా విడగొట్టి తింటూనే ఉంటాయి. 1.010 దగ్గర ఆగిందనుకుని పోస్తే ఆరు నెలలకి సీసా బాంబవుతుంది. గ్రావిటీ 1.004 కిందికి వచ్చి, రెండు వారాలు కదలకుండా ఉంటే తప్ప వాటిని సీసాలో పోయకు. ఇంట్లో పిల్లలు తిరిగే రోజులు రాబోతున్నాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను.

మాగడం అనే విషయం నిజంగా అర్థం కావాలంటే ఓర్వాల్ అనే మఠం బీరు కొనుక్కో, మీ ఊళ్లో పెద్ద దుకాణాల్లో దొరుకుతుంది. బెల్జియంలో లేబుల్ మీద 6.2 శాతం మాత్రమే, రంగు కూడా ముదురు కాదు. పైన చెప్పిన లెక్క ప్రకారం అది మాగకూడదు. కానీ సీసాలో పోసేటప్పుడు దానిలో బ్రెటనోమైసెస్ అనే అడవి ఈస్ట్ కలుపుతారు. మొదటి రెండు మూడు నెలల్లో అది హాప్స్ పరిమళంతో, నారింజ చేదుతో ఉంటుంది. ఆరు నెలలు దాటాక ఆ పరిమళం తగ్గి, ఎండుగడ్డి, గుర్రపు జీను లాంటి వాసనలు వస్తాయి. మిగిలిన చక్కెరలను బ్రెట్ తింటూ పోవడం వల్ల బీరు పొడిబారుతుంది, ఆల్కహాల్ కూడా కొంచెం పెరుగుతుంది. లేబుల్ మీద సీసాలో పోసిన తేదీ ఉంటుంది, తాగడానికి ఐదేళ్ల గడువిస్తారు. నాలుగు సీసాలు కొను, తేదీ చూసి వీలైనంత కొత్తవి ఏరుకో. ఇవాళ ఒకటి, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి, రెండేళ్లకి ఒకటి. కొత్త ఓర్వాల్ ఇష్టపడేవాళ్లూ, పాతది ఇష్టపడేవాళ్లూ బెల్జియంలోనే రెండు వర్గాలుగా ఉన్నారు. నేను ఎనిమిది నెలల పక్షం.

లాంబిక్ (గాలిలోని అడవి ఈస్ట్‌తో పులిసే పుల్లటి బీరు), గూజ్ వేరే లోకం. బ్రస్సెల్స్‌లోని కాంటియాన్ లాంటి చోట్ల ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి గూజ్ చేస్తారు, అది సీసాలో ఇంకా ఏళ్లు నిలుస్తుంది. రోడెన్‌బాక్ గ్రాండ్ క్రూ అనే పుల్లటి బెల్జియన్ బీరులో మూడింట రెండు వంతులు పెద్ద చెక్క పీపాల్లో రెండేళ్లు మాగిన బీరు, మిగతాది కొత్త బీరు. పాతదానికి కొత్తది కలపడమనే ఆ పద్ధతి ఇంట్లో కూడా పనికొస్తుంది. మరీ పాతబడిన నా డార్క్ స్ట్రాంగ్‌ని గ్లాసులో కొత్త డుబెల్‌తో (ముదురు రంగు, తక్కువ ఘాటు బీరు) సగం సగం కలిపి తాగాను, రెండూ బాగుపడ్డాయి.

నిల్వ గురించి. చీకటి ముఖ్యం, గోధుమరంగు సీసా వాడినా సరే. వెలుతురు తగిలితే హాప్స్ పదార్థాలు విరిగి స్కంక్ వాసన వస్తుంది. క్యాప్ వేసిన సీసాలు నిలబెట్టే ఉంచు, మడ్డి అడుగున గట్టిపడుతుంది, పోసేటప్పుడు లేవదు. 10 నుంచి 13 డిగ్రీలు మంచిది. అంతకంటే ముఖ్యం, ఆ అంకె రోజూ మారకపోవడం. నాకు మినియాపోలిస్‌లో బేస్‌మెంట్ ఉంది, ఏడాదంతా చల్లగా ఉంటుంది. ఆస్టిన్ ఇళ్లకు సాధారణంగా బేస్‌మెంట్ ఉండదని తెలుసు. పాత ఫ్రిజ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని, ఉష్ణోగ్రత కంట్రోలర్ తగిలించి 12 దగ్గర పెట్టు. తర్వాత పులియబెట్టడానికి కూడా అదే పనికొస్తుంది. అంతవరకు ఏసీ ఉన్న గదిలో క్లాజెట్ చాలు, 24 డిగ్రీల్లో మాగడం త్వరగా జరుగుతుంది, అంతే.

హైదరాబాద్, విజయవాడల నుంచి చదివేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక మాట. అమెరికాలో 1978 చట్టం వల్ల ఒక్కరున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చేయడం నేరం. వాళ్లు కొన్న సీసాలు మాగబెట్టి చూడొచ్చు, బ్రూ చేయడం మాత్రం వద్దు.

ఇప్పుడు నీ మూడు బ్యాచ్‌లకి నేనిచ్చే పథకం. విట్ సంగతి చెప్పాను. ట్రిపెల్ ఆగస్టు నుంచి మొదలుపెట్టు, డిసెంబరులోపు ముగించు. రెండు సీసాలు మాత్రం పక్కన పెట్టు, తేనె రుచి నీకు నచ్చుతుందో లేదో వచ్చే వేసవిలో తెలుసుకోవడానికి.

డార్క్ స్ట్రాంగ్ సీసాలన్నింటి క్యాప్‌ల మీద మార్కర్‌తో తేదీ రాయి. నలభై ఎనిమిది సీసాలుంటే పన్నెండింటిని "రుచి సీసాలు" అనుకో. ఆగస్టులో ఒకటి, నవంబరులో ఒకటి, ఆ తర్వాత ప్రతి మూడు నెలలకీ ఒకటి తెరువు. ప్రతిసారీ ఒకే గ్లాసు, ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట ఆగాక, నాలుగు వాక్యాలు రాసుకో. ఒక్క ప్రశ్నకి జవాబు రాస్తే చాలు: ముందటి సీసా కంటే ఇది బాగుందా? బాగుంటే మిగతావి ఉంచు. అంతే ఉంటే ఇంకో మూడు నెలలు చూడు. రెండుసార్లు వరసగా ముందటి దానికంటే తగ్గితే ఇక దాచకు, ఉన్నవన్నీ తాగెయ్, పంచెయ్. క్యాలెండర్ చూసి కాదు, నాలుక చూసి నిర్ణయించు.

బిడ్డ మొదటి పుట్టినరోజు వచ్చే ఏడాది డిసెంబరు, అంటే సీసాలో పోసినప్పటి నుంచి పందొమ్మిది నెలలు. పదిన్నర శాతం, ముదురు రంగు, తక్కువ హాప్స్. గరాజ్ వేడి దాన్ని ఇప్పటికే పాడు చేయకపోతే అది సరిగ్గా నా 2016 బ్యాచ్ బాగున్న వయసే. పన్నెండు సీసాలు దానికోసం విడిగా కట్టి, ఫ్రిజ్ అడుగు అరలో పెట్టు. కొందరు బిడ్డ పుట్టిన ఏడాది బీరుని ఇరవై ఒకటో పుట్టినరోజు దాకా దాస్తారు. ఇంటి బీరుతో ఆ పని వద్దు, అంత ఆశకి గూజ్ కొనిపెట్టు.

ఆగస్టు సీసా తెరిచినప్పుడు మూడు సంగతులు నాకు రాయి: నురగ ఎంతసేపు నిలిచింది, అట్ట వాసన ఏమైనా ఉందా, మంట గొంతులోనా ముక్కులోనా. దాన్నిబట్టి ఆ పన్నెండు సీసాలు వచ్చే ఏడాది డిసెంబరు దాకా ఉంచాలా, లేక ఈ ఏడాదే బిడ్డ బారసాలకు తెరిచేయాలా అన్నది చెబుతాను.